బోర్డు మారితే భూమి ఎవరిది?

2011 డిసెంబరులో చైనా దక్షిణాన, గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలోని వుకాన్ ఊరి జనం తిరగబడ్డారు. ఊరి పెద్దలు, పోలీసులు ఊరొదిలి పోయేదాకా తగ్గలేదు. ఆ తర్వాత పోలీసులు ఊరిని చుట్టుముట్టి బియ్యం కూడా రానివ్వకుండా దారులు మూశారు. ఊరుమ్మడి భూములను తమకు చెప్పకుండా బిల్డర్లకు ధారాదత్తం చేశారన్నది ఆ రైతుల, జాలర్ల గోడు.

ఆ ఊరు ఎవరి కింద ఉందో చూడండి. ఊరి పైన దోంగ్‌హాయ్ టౌన్. దానిపైన లూఫెంగ్ నగరం. ఆపైన షాన్‌వెయ్ నగరం. నగరం కింద నగరం, దాని కింద పొలాలు!

చైనాలో నగరమంటే ఇళ్లూ రోడ్లూ ఉన్న చోటు కాదు, ఒక పాలనా హద్దు. 1980ల నుంచి చుట్టుపక్కల కౌంటీలను (మన మండలం కన్నా చాలా పెద్దవి) నగరాల అజమాయిషీకి అప్పగిస్తూ వచ్చారు. 1997లో సిచువాన్ నుంచి విడదీసిన చోంగ్‌చింగ్ నగరం విస్తీర్ణం 82 వేల చదరపు కిలోమీటర్లు, అంటే తెలంగాణలో నాలుగింట మూడు వంతులకు దగ్గర. మూడు కోట్ల జనంతో ప్రపంచంలోకెల్లా పెద్ద నగరమని పత్రికలు రాసేస్తాయి. అందులోని వరి మళ్లు, కొండ ఊళ్ల సంగతి రాయవు.

మనకెందుకు ఈ గొడవ అంటారా? అక్కడి రాజ్యాంగం 10వ అధికరణ ప్రకారం నగరాల్లో భూమి ప్రభుత్వానిది. పల్లెల్లో, శివార్లలో ఊరి సమష్టిది. రైతుకున్నది సాగు కాంట్రాక్టు మాత్రమే. కౌంటీని నగర డిస్ట్రిక్టుగా మార్చినంత మాత్రాన భూమి చేతులు మారదు, నిజమే. కానీ ప్లానింగు పెత్తనం పై నగరానికి పోతుంది, మిగతాది మెల్లగా జరుగుతుంది. షెన్‌జెన్‌లో 2004లో బావోఆన్, లోంగ్‌గాంగ్ ఊళ్ల జనాన్ని పట్టణ నివాసులుగా రాసుకుని, ఊరుమ్మడి భూమిని ప్రభుత్వ ఖాతాలో కలిపేశారు.

పరిహారం సంగతీ అంతే. 1998 నాటి చట్టం ప్రకారం భూమికీ పునరావాసానికీ కలిపి ఇచ్చేది పంట దిగుబడి విలువకు 30 రెట్లు దాటకూడదు. అదే భూమి వాడకం హక్కును నగరం వేలంలో అమ్ముకునేది. రైతుకు పంట లెక్క, నగరానికి ప్లాటు లెక్క. 2020 జనవరి నుంచి ఆ పరిమితి ఎత్తేశారు. పరిశ్రమలకు, వ్యాపారానికి కేటాయించిన ఊరుమ్మడి స్థలాన్ని ఊరే నేరుగా లీజుకివ్వొచ్చన్నారు. మంచిదే, అయితే అప్పటికే చాలా పొలాలు పోయాయి.

మన దగ్గర పంచాయతీని మునిసిపాలిటీలో కలిపితే ఉపాధి హామీ పని పోతుంది, ఇంటి పన్ను మారుతుంది. పట్టా మాత్రం రైతు పేరునే ఉంటుంది. చైనా రైతుకు ఆ కాగితమూ లేదు. అలాగని సమష్టి యాజమాన్యాన్నే తప్పుపట్టలేను. అప్పుకింద షావుకారు పొలం రాయించుకోలేని ఏర్పాటు అది. లోపమల్లా సమష్టి పేరుతో సంతకం పెట్టేవాడు సమష్టిని అడగకపోవడంలో ఉంది. ఊరి హద్దు, హోదా మార్చేముందు ఊరంతా కూర్చుని ఓటేయాలి. అది అక్కడైనా, ఇక్కడైనా.

వుకాన్ జనం 2012 మార్చిలో రహస్య బ్యాలెట్‌తో సొంత కమిటీని ఎన్నుకున్నారు. పోయిన భూమి పూర్తిగా తిరిగి రాలేదు. 2016లో ఆ కమిటీ నాయకుణ్ణి లంచం కేసులో జైల్లో పెట్టారు. జనం మళ్లీ వీధుల్లోకి వచ్చారు.