నీడ ఎవరిది?

మా విశ్వవిద్యాలయపు ఆర్ట్సు భవనం ముందు వేపచెట్లున్నాయి. వాటికింద వరుసగా బోర్డులు: వైస్ ఛాన్సలర్, రిజిస్ట్రార్, డీన్. పదవిని బట్టి నీడ. చక్రాలకుర్చీ బొమ్మవేసిన బోర్డు కూడా లేకపోలేదు. అది సైకిలు షెడ్డు వెనక, కంకర పోసినచోట, భవనానికి రెండువందల గజాల దూరాన వున్నది.

నా తరగతిలో ఎం.ఏ. చదివే ఒక అమ్మాయి, పక్కచక్రాలు బిగించిన స్కూటరు మీద వస్తుంది. దిగితే చంకకర్రలే ఆధారం. ఆ కంకరమీద చంకకర్రలతో నడవటమంటే ఏమిటో బోర్డు పాతించినవారికి తెలియదు. కేంద్రప్రభుత్వ మార్గదర్శకాలు, ద్వారానికి 30 మీటర్లలోపు, 3.6 మీటర్ల వెడల్పున కనీసం రెండు కార్లకు చోటుంచాలంటున్నాయి. ఆ వెడల్పు విలాసం కాదు, కారు తలుపు బార్లా తెరిచి పక్కన చక్రాలకుర్చీ నిలుపుకోవటానికి. అయితే గమనించారా, నియమం కూడా కారునే కొలిచింది! మన వూళ్ళ వికలాంగ విద్యార్థి ఎక్కేది చేత్తో తిప్పే మూడుచక్రాల బండి, మహా అయితే ఇలాంటి స్కూటరు. కొలబద్దకు కూడా వర్గం వుంటుంది.

"అలాంటివాళ్ళు ఎందరున్నారండీ?" అన్నారొక అధికారి. వెలివాడకు బడి పెట్టకుండా, అక్కడ చదివేవాళ్ళే లేరన్న పాతకాలపు పెత్తందార్ల తర్కమిది. 2016 చట్టం ప్రభుత్వ ఉన్నతవిద్యాసంస్థల్లో వికలాంగులకు కనీసం 5 శాతం సీట్లు కేటాయించమన్నది. సీటిచ్చి, సీటుదాకా దారి ఇవ్వకపోవటాన్ని ఏమనాలి?

1995 చట్టంలో 'ఆర్థిక స్తోమతమేరకు' అనే సాకు వుండేది. 2016 చట్టం పాత భవనాలను బాగుచెయ్యటానికి అయిదేళ్ళ గడువు పెట్టింది. 2017లో నియమావళి వచ్చింది, 2022లో గడువు తీరింది. చట్టం తప్పనిసరి అన్నదాన్ని ఆ నియమావళిలోని 15వ నియమం వుత్త సలహాగా దిగజార్చిందని, అది చెల్లదని సుప్రీంకోర్టు తేల్చేసరికి 2024 నవంబరు వచ్చింది. రాజీవ్ రతూరి ఆ పిటిషను వేసింది 2005లో!

ఈలోగా పాలకులు ఒక్క పని చురుగ్గా చేశారు. 2015లో 'దివ్యాంగులు' అని పేరు పెట్టారు. తెలుగు పాఠం చెప్పుకు బతికేవాణ్ణి గనుక విగ్రహవాక్యం చెప్పి చూశాను: దివ్యమైన అంగములు గలవారు. బహువ్రీహి. సమాసానికి ఖర్చుండదు, సిమెంటుకు వుంటుంది.

ఇక మన సంగతి. భవనం పక్కద్వారానికి ర్యాంపు వున్నది. దాని మొదట్లో రోజూ పది పన్నెండు మోటారుసైకిళ్ళు అడ్డంగా నిలిచివుంటాయి. అవి వైస్ ఛాన్సలరువి కావు. మనవి, ఉపాధ్యాయులవి, విద్యార్థులవి. నిరుడొక సోమవారం ఆ అమ్మాయి ఇరవై నిమిషాలు ఆలస్యంగా వస్తే అందరిముందూ మందలించాను. "ర్యాంపుకు అడ్డంగా మీ బండే వుంది సార్" అన్నది. అప్పుడు నేను చెబుతున్న పాఠం, అభ్యుదయ కవిత్వంలో పీడితుడు.

మర్నాటినుంచి బండి షెడ్డు వెనకే పెడుతున్నాను. బోర్డు చోటు మార్చాలని యాభైమందిమి సంతకాలు చేసి అర్జీ ఇచ్చాం. "సానుభూతితో పరిశీలిస్తాం" అని జవాబు వచ్చింది. సానుభూతి అడగలేదని, చట్టం సెక్షన్లు ఉటంకించి రెండో అర్జీ రాస్తున్నాం. దీనిమీద చర్చించటానికి మా ఉపాధ్యాయ సంఘం సమావేశం కూడా ఏర్పాటయింది. నోటీసు నిన్న అందింది. స్థలం: మేడమీద, రెండో అంతస్తు. లిఫ్టు లేదు. నోటీసు తిప్పి పంపాను.