శాస్త్రమునకు పరాయితనమేది?

ఉగాదినాడు రామంతాపూర్ ఆలయములో పంచాంగ శ్రవణము చేయు భక్తుల చెవిన ‘హోర’ అను మాట పడును. అది యవనశబ్దమని ఒప్పుకొనుటకు కొందరికి అభిమానము అడ్డువచ్చును. వరాహమిహిరునకు అట్టి శంక లేదు. 6వ శతాబ్దిలో ఆయన పంచసిద్ధాంతికయందు రోమక, పౌలిశ సిద్ధాంతములను దాచక వివరించి, పరీక్షించి, సౌరసిద్ధాంతమునే స్పష్టతరమని నిర్ణయించెను. గ్రహించుట దాస్యము కాదు. పరీక్షింపక గ్రహించుటయే దాస్యము.

2వ శతాబ్దిలో అలెగ్జాండ్రియాలో నివసించి, మన కృష్ణాతీరమును ‘మైసోలియా’ యని తన భూగోళగ్రంథమున పేర్కొన్న టాలెమీ మహామేధావి. అయినను అయనచలనమును 100 సంవత్సరములకు ఒక అంశగా చెప్పెను. వాస్తవమున అది సుమారు 72 సంవత్సరములు. ఆకాశమును చూడక గ్రంథమునే నమ్మినవారు ఆ దోషమును శతాబ్దములు మోసిరి.

నేడు దృగ్గణితమును పరాయిదని త్రోసిపుచ్చువారు చేయుచున్నదియు అదే. తిథి యనగా సూర్యచంద్రుల మధ్య 12 అంశల అంతరము. గ్రహణకాలమునకు దృక్కును ప్రమాణముగా స్వీకరించి, అదే సూర్యచంద్రులపై ఆధారపడిన ఏకాదశికి, శ్రాద్ధతిథికి దానిని నిరాకరించుట ఏ న్యాయము? జ్యోతిషము వేదమునకు చక్షువు. ఋషులమీది భక్తితో ఆ కన్ను మూయుట భక్తి కాదు.