పక్కింటివారి కాల్షియం బిళ్ళ మనకు సరిపోతుందా?

"డాక్టరు గారూ, మా వీధిలో ఒకావిడ ఏదో కాల్షియం బిళ్ళ వేసుకుంటున్నారండి. మోకాళ్ళ నొప్పులు చేత్తో తీసేసినట్టు పోయాయట. ఆ బిళ్ళే మాకూ రాసిపెట్టండి." మా ఓ.పి.లో ఈ మాట వినబడని వారం లేదు. "అలాగేనమ్మా, ముందు మీరిప్పుడు వాడుతున్నవన్నీ చూపించండి" అంటే చేతిసంచిలోంచి ఒక్కొక్కటే బల్లమీదికి వస్తాయి. ఎముకల డాక్టరు రాసిన కాల్షియం ఒకటి, ఆడవాళ్ళ డాక్టరు రాసిన కాల్షియం ఇంకొకటి. పేర్లు వేరు, మందు ఒకటే. వాటితోపాటు మందుల షాపులో అడిగి తెచ్చుకున్న "బలం బిళ్ళలు", తెలిసినవారు అంటగట్టిన పొడి డబ్బా. అన్నీ కలిపి ఉదయం కాఫీతో ఒకేసారి మింగేస్తున్నామని చెబుతారు.

కాల్షియం చెడ్డదని మేము అనడం లేదు. అవసరమైనవారికి అది నిజంగా మేలు చేస్తుంది. అయితే ఎవరికి, ఎంత, ఏ రకం, ఏ వేళకు అనే నాలుగు ప్రశ్నలు వేసుకోకుండా మింగే బిళ్ళ మన డబ్బును తింటుంది, ఒక్కోసారి మన ఆరోగ్యాన్నీ తింటుంది. ఖనిజ లవణాల బిళ్ళలను ఇరుగుపొరుగు మాట మీద, ప్రకటనల మీద, మొహమాటం మీద కొనకూడదన్నది మా అభిప్రాయం.

ముందు కొలత, తరువాత మందు

మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు చాలామందికి తెలుసు. ఆయన అమెరికాలో హార్వర్డులో ఉండగా 1925లో ఫిస్కేతో కలిసి రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంత ఉందో కొలిచే పద్ధతిని ప్రకటించారు. ఎముకలో కాల్షియంతో కలిసి ఉండేది ఆ భాస్వరమే. తరువాత లెడర్లీ కంపెనీలో ఆయన నడిపిన పరిశోధక బృందమే 1945లో ఫోలిక్ యాసిడ్‌ను తయారు చేయగలిగింది. ఈనాడు మన గర్భిణులు వేసుకునే ఐరన్ బిళ్ళలో ఉన్నది ఆ ఫోలిక్ యాసిడ్డే. మన జిల్లా బిడ్డ చేసిన పని నుంచి మనం నేర్చుకోవలసింది ఒకటుంది. ఏది తక్కువైందో ముందు తెలుసుకోవాలి, తరువాతే మందు వేసుకోవాలి.

మన శరీరానికి కాల్షియం ఎంత కావాలి? హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం పెద్దలకు రోజుకు 1,000 మిల్లీగ్రాములు, పాలిచ్చే తల్లులకు, ముట్లు ఆగిన స్త్రీలకు 1,200 మిల్లీగ్రాములు. ఇది బిళ్ళల లెక్క కాదు. తిండి, బిళ్ళ రెండూ కలిపి చేరవలసిన మొత్తం. చాలామంది పొరబడేది ఇక్కడే.

కంచంలో ఎంత ఉంది?

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక మన డెల్టా అంతా వరి పొలమయింది. కడుపు నిండింది, అందుకు కాటన్ దొరగారికి ఇప్పటికీ దండం పెడుతున్నాం. కానీ తెల్లగా పాలిష్ పట్టిన బియ్యంలో కాల్షియం నామమాత్రమే. మన పెద్దలు తాగిన చోళ్ళ అంబలిలో మాత్రం దండిగా ఉంది. వంద గ్రాముల చోళ్ళలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. 2023లో మన రాష్ట్రంలో బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకంలో రాగి జావ చేర్చినప్పుడు మేము సంతోషించింది అందుకే.

ఒక్కసారి లెక్క వేసుకుందాం. రెండు పెద్ద చెంచాల చోడిపిండితో కాచిన గ్లాసుడు జావలో సుమారు 100 మిల్లీగ్రాములు. గ్లాసుడు పాలలో 240 దాకా. కప్పుడు గట్టి పెరుగులో 150 నుంచి 200. పొట్టు తీయని నువ్వులు ఒక పెద్ద చెంచాడు వేస్తే 100 పైనే. తోటకూర, మునగాకు కూడా మంచివే. పాలకూరలో కాల్షియం ఉన్నా అందులోని ఆక్సలేటు దాన్ని పట్టి ఉంచుతుంది కాబట్టి ఒంటికి అందేది తక్కువ. ఇక గోదావరి వాళ్ళం మనకు చేపలున్నాయి. పులస ముక్క తిని ముల్లు పారేస్తే కాల్షియం ముల్లుతోపాటే పోతుంది. ముల్లుతో సహా నమిలి మింగే చిన్న చేపలు, మెత్తళ్ళు, సీజనులో యానాం వైపు దొరికే చీరమేను, వీటిలో ఉన్నది ఎముక బలం. అయితే బి.పి. ఉన్నవారు ఎండుచేపల్లోని ఉప్పును మరచిపోకూడదు.

జావ, పాలు, పెరుగు, ఆకుకూర రోజూ తినేవారికి కంచంలోనే 700, 800 మిల్లీగ్రాములు వచ్చేస్తాయి. అలాంటివారికి రోజుకు రెండు బిళ్ళలు ఎందుకు? మరోవైపు రెండు పూటలా అన్నం, పచ్చడి, పల్చటి మజ్జిగతో గడిపే పెద్దావిడకు 300 కూడా రాకపోవచ్చు. ఆమెకు బిళ్ళ అవసరమే. ఇద్దరికీ ఒకటే చీటీ ఎలా సరిపోతుంది?

డబ్బా వెనక చదవండి

షాపులో రెండు రకాలు ఎక్కువగా దొరుకుతాయి. మొదటిది కాల్షియం కార్బొనేట్. ఇందులో నూటికి 40 పాళ్ళు కాల్షియం. అంటే 1,250 మిల్లీగ్రాముల బిళ్ళలో అసలు కాల్షియం 500. ధర తక్కువ. కడుపులో ఆమ్లం ఉంటేనే కరుగుతుంది కాబట్టి భోజనంతోపాటు వేసుకోవాలి. కొందరికి గ్యాసు, మలబద్ధకం వస్తాయి. రెండవది కాల్షియం సిట్రేట్. ఇందులో నూటికి 21 పాళ్ళే కాల్షియం. ధర ఎక్కువ, అయితే తిన్నా తినకపోయినా ఒంటికి పడుతుంది. రోజూ గ్యాసు బిళ్ళ, అంటే ఒమెప్రజోల్, పాంటొప్రజోల్ వంటివి వాడే వృద్ధులకు ఇది మెరుగు.

డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ఉన్న అంకెను చూసి మోసపోకండి. అందులో "అసలు కాల్షియం" ఎంత అన్నదే చూడండి. అర్థం కాకపోతే మా ఫార్మసీలో సిస్టరు గారిని అడగండి. మన శరీరం ఒక్క పూటలో 500 మిల్లీగ్రాములకు మించి సరిగా పీల్చుకోలేదు. అందువల్ల పెద్ద మోతాదు అవసరమైనవారు రెండు పూటలుగా పంచుకోవాలి. ముత్యం, పగడం, గవ్వ అని పేరు పెట్టి ఎక్కువ ధరకు అమ్మే కాల్షియంలో మామూలు కార్బొనేటుకు లేని గొప్పతనమేమీ లేదు. జన్ ఔషధి షాపుల్లో దొరికే చవక బిళ్ళ చాలు.

ఏ వేళకు వేసుకోవాలి?

కాల్షియం, ఐరన్ ఒకేసారి వేసుకుంటే ఒకదానికొకటి అడ్డు. రెండింటి మధ్య కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. థైరాయిడ్ బిళ్ళకూ కాల్షియానికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. "థైరాయిడ్ బిళ్ళ క్రమం తప్పకుండా వేసుకుంటున్నా తగ్గడం లేదండి" అనేవారి సంచిలో కాల్షియం ఉందేమో ముందు చూస్తాం. టెట్రాసైక్లిన్ జాతి యాంటీబయాటిక్కులకూ, సిప్రోఫ్లాక్సాసిన్‌కూ ఇదే వర్తిస్తుంది. ఆ టెట్రాసైక్లిన్ జాతిలో మొదటిదైన ఆరియోమైసిన్ సుబ్బారావు గారు పరిశోధనకు పెద్దగా ఉన్న లెడర్లీలోనే పుట్టి 1948లో లోకానికి వచ్చింది. అంతటి మందు కూడా కాల్షియంతో కలిస్తే కడుపులోనే చిక్కుకుపోతుంది.

గర్భిణుల విషయంలో 2014 నాటి కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాలు నాలుగో నెల మొదలుకొని ప్రసవమయ్యాక ఆరు నెలల వరకు రోజుకు రెండు కాల్షియం బిళ్ళలు చెప్పాయి. ఒక్కొక్కదానిలో 500 మిల్లీగ్రాములు. గర్భవాతం, అంటే గర్భంలో బి.పి. పెరిగే జబ్బు రాకుండా ఇది కాపాడుతుంది. 2024లో ప్రచురించిన ఒక పరిశోధనలో బెంగుళూరు సెయింట్ జాన్స్ వైద్యులు, టాంజానియా వైద్యులు ఒక్కొక్క దేశంలో 11,000 మంది గర్భిణులను చూశారు. ఆ జబ్బును ఆపడంలో రోజుకు 500 మిల్లీగ్రాములు 1,500కు తీసిపోలేదని తేలింది. ఎక్కువ వేసుకుంటే ఎక్కువ మేలు అనే నమ్మకం తప్పని దీన్నిబట్టి తెలుస్తోంది. అయితే మీ డాక్టరు చెప్పిన మోతాదును మీ అంతట మీరు మార్చకండి. టిఫిన్‌తో ఒక కాల్షియం, మధ్యాహ్న భోజనంతో ఒకటి, రాత్రి తిన్న రెండు గంటలకు ఐరన్ బిళ్ళ. ఇలా పెట్టుకుంటే తగువే లేదు.

అసలు లోటు వేరే చోట ఉంది

మాకు బాధ కలిగించే సంగతి ఒకటి చెబుతాం. కొన్ని ఇళ్ళలో అత్తగారి నొప్పులకు నెలకు రెండు డబ్బాల కాల్షియం కొంటారు. ఆశా కార్యకర్త ఉచితంగా ఇచ్చిన కోడలి ఐరన్ బిళ్ళలు మాత్రం "వికారం పెడుతున్నాయి, విరేచనం నల్లగా అవుతోంది" అని పెట్టెలో పడి ఉంటాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 59 మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. ప్రసవంలో తల్లి ప్రాణం మీదికి తెచ్చేది ఈ లోటు. విరేచనం నల్లబడడం ప్రమాదం కాదు. వికారమైతే మానేయకుండా మాతో చెప్పండి, వేళ మార్చి చూద్దాం. ఐరన్‌ను టీ, కాఫీలతో వేసుకోవద్దు, నిమ్మరసం మంచిది. తలసేమియాతో రక్తం ఎక్కించుకునే పిల్లలకు మాత్రం డాక్టరు చెప్పకుండా ఐరన్ ఇవ్వకూడదు.

జింకు కూడా అంతే. విరేచనాలైన ఆరు నెలలు దాటిన బిడ్డకు ఓ.ఆర్.ఎస్.తోపాటు రోజుకు 20 మిల్లీగ్రాముల చొప్పున 14 రోజులు ఇస్తే నిజమైన మేలు. ఆ జింకునే పెద్దలు "ఇమ్యూనిటీ" పేరుతో నెలల తరబడి వేసుకుంటే ఒంట్లో రాగి తగ్గుతుంది.

కిడ్నీ జబ్బు ఉన్నవారు మరీ జాగ్రత్తగా ఉండాలి. వారు కాల్షియం, మెగ్నీషియం, పొటాషియం ఏదీ సొంతంగా వాడకూడదు. బి.పి.కి మంచిదని అమ్మే తక్కువ సోడియం ఉప్పులో పొటాషియం ఉంటుంది. మన కోనసీమ కొబ్బరి నీళ్ళలోనూ పొటాషియం ఎక్కువే. ఆరోగ్యవంతులకు అమృతమైనది కిడ్నీ రోగి గుండెను ఆపగలదు.

"చవక బిళ్ళే కదా, వేసుకుంటే నష్టమేమిటి?"

ఇది న్యాయమైన ప్రశ్నే. అమెరికాలో 36,282 మంది పెద్ద వయసు స్త్రీలపై ఏడేళ్ళు జరిపిన పరిశోధన ఫలితాలు 2006లో వెలువడ్డాయి. రోజూ 1,000 మిల్లీగ్రాముల కాల్షియం, దానితో విటమిన్ డి ఇచ్చినా తుంటి ఎముక విరగడం చెప్పుకోదగినంత తగ్గలేదు. కిడ్నీలో రాళ్ళు మాత్రం నూటికి 17 పాళ్ళు పెరిగాయి. వారిలో చాలామంది అప్పటికే తిండిలో తగినంత కాల్షియం తీసుకుంటున్నవారు. నిండిన కుండలో ఇంకా పోస్తే పొర్లిపోతుంది. విటమిన్ డి 60,000 యూనిట్ల పొట్లం సంగతీ ఇంతే. వారానికి ఒకటి, అదీ కొన్ని వారాలే. దాన్ని రోజూ వేసుకుని రక్తంలో కాల్షియం ప్రమాదకరంగా పెరిగి ఆస్పత్రి పాలయ్యేవారు ఉంటారు.

ఇంకొక మాట. మోకాలి కీలు అరగడం వేరు, ఎముక గుల్లబారడం వేరు. అరిగిన కీలుకు కాల్షియం మందు కాదు. తొడ కండరాల వ్యాయామం, బరువు తగ్గడం మేలు చేస్తాయి. గుల్లబారిన ఎముకకు కాల్షియం ఒక్కటే చాలదు, వేరే మందులున్నాయి. పడిపోకుండా చూసుకోవడం అన్నిటికన్నా ముఖ్యం. నాచు పట్టిన పెరటి గట్టును గోకించండి, బాత్‌రూమ్‌లో పట్టుకోవడానికి కడ్డీ పెట్టించండి.

మా తప్పు కూడా ఉంది

"నొప్పులండీ" అనగానే తిండి సంగతి అడగకుండా కాల్షియం రాసి పంపిన రోజులు మాకూ ఉన్నాయి. రద్దీ అనేది సాకు మాత్రమే. కాబట్టి ఈ మార్పు మా నుంచే మొదలుకావాలి. చీటీలో కాల్షియం ఉంటే ఎందుకు, ఎన్నాళ్ళు అని మీరు నిస్సంకోచంగా అడగండి. చెప్పడం మా బాధ్యత.

మడమ మీద చిన్న మిషను పెట్టి "మీ ఎముకల్లో బలం లేదు" అని అక్కడికక్కడే డబ్బా అమ్మే శిబిరాలను నమ్మకండి. అనుమానముంటే డెక్సా పరీక్ష ఉంది. అది ఎవరికి అవసరమో డాక్టరు చెబుతారు. సంఘంలో తెలిసినవారే అమ్ముతున్నారని మొహమాటపడి అప్పు చేసి కొనవద్దు. "మా డాక్టరు గారిని అడిగి చెబుతాను" అనండి. ఆ నింద మేము మోస్తాం.

ఈసారి ఓ.పి.కి వచ్చేటప్పుడు ఇంట్లో ఉన్న బిళ్ళలన్నీ, పొడి డబ్బాలతో సహా, ఒక సంచిలో వేసుకుని రండి. నిన్న ఉదయం నుంచి రాత్రి దాకా ఏం తిన్నారో గుర్తు చేసుకుని రండి. చాలామందికి మేము కొత్త బిళ్ళ రాయం. ఉన్నవాటిలో ఒకటి రెండు తీసేస్తాం. మిగిలిన డబ్బుతో కోడలికి, మనవలకు పాలు, గుడ్లు కొనండి.