ఏ పచ్చ?

మా అమ్మాయి పుట్టినరోజుకు గాజుతొట్టీ, నాలుగు గోల్డ్‌ఫిష్ చేపలూ కొని తెచ్చాను. పన్నెండో రోజుకు రెండే మిగిలాయి. మేత ఎక్కువ వేసిందని అమ్మాయిని కోప్పడ్డాను. అది అన్నం తినకుండా పడుకున్నది.

అసలు జరిగింది వేరు. చేపలతోపాటు దుకాణదారు నీటిని పరీక్షించే పెట్టె వొకటి అంటగట్టాడు. చిన్న చిన్న సీసాలు, గాజుగొట్టాలు, రంగులు అచ్చువేసిన అట్ట. చేపల విసర్జన వల్లా, మిగిలిన మేత కుళ్ళడం వల్లా నీటిలో అమ్మోనియా చేరుతుంది. పాత తొట్టిలో అయితే సూక్ష్మజీవులు దాన్ని మొదట నైట్రైటుగానూ, ఆపైన అంత హాని చేయని నైట్రేటుగానూ మారుస్తాయి. కొత్త తొట్టిలో అవి కాపురం పెట్టడానికి నెల పైచిలుకు పట్టవచ్చు. అంతదాకా నీళ్ళు అద్దంలా వున్నా నమ్మడానికి లేదు.

మొదటి పరీక్షనాడు నేను జవాబు పత్రాలు దిద్దుతున్నాను. రంగుల అట్ట నా బల్లమీదే వున్నది. అమ్మాయి అయిదు మిల్లీలీటర్ల నీళ్ళలో రెండు సీసాలనుంచీ ఎనిమిదేసి చుక్కలు వేసి, అయిదు నిమిషాలు ఆగి, లోపలినుంచి కేకేసింది.

"నాన్నా, పచ్చగా వుంది!"

"పచ్చగా వుంటే మంచిదే. సున్నా అని రాసుకో" అన్నాను, తలెత్తకుండా.

అట్టమీద సున్నాకు పసుపుపచ్చ. అమ్మోనియా హెచ్చేకొద్దీ ఆకుపచ్చ. మన భాషలో పచ్చకామెర్లూ పచ్చే, పచ్చని పైరూ పచ్చే. ఇరవై యేళ్ళుగా తెలుగు పాఠాలు చెబుతున్నవాణ్ణి, ఏ పచ్చ అని అడగలేదు! అలా మూడు రాత్రులు మూడు సున్నాలు రాయించాను.

పెట్టె పనికిరానిదని దుకాణానికి పోట్లాటకు వెళ్ళాను, సీసాలో తొట్టి నీళ్ళతో సహా. అతను మాట్లాడకుండా పరీక్ష చేసి, గొట్టాన్ని వీధిగుమ్మం వెలుగులో తెల్లకాగితానికి ఆనించి పట్టుకున్నాడు. "ఇది ఏ రంగు, మాస్టారూ?" అన్నాడు. గరికపోచ రంగు. ఇంటికొచ్చి అమ్మాయికి తప్పు ఒప్పుకోవడం దుకాణంలో తలదించుకోవడంకన్నా కష్టమైంది.

అయినా పెట్టెను పూర్తిగా నమ్మబుద్ధి కాలేదు. మా కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే మిత్రుడు లీటరు నీటిలో 1.63 గ్రాముల పొటాషియం నైట్రేటు కరిగించాడు. అందులో 20 మిల్లీలీటర్లు తీసి, డిస్టిల్డ్ వాటరు చేర్చి మళ్ళీ లీటరు చేశాడు. అప్పుడు లీటరుకు 20 మిల్లీగ్రాముల నైట్రేటు వున్నట్టు. మా పెట్టె దాన్ని 5 అన్నది! నాకు ప్రాణం లేచివచ్చింది. మిత్రుడు మాత్రం రెండో సీసా వెలుతురుకు పెట్టి చూశాడు. మందు అడుగున పేరుకున్నది. దాన్ని అరనిమిషం బలంగా కుదిపి మళ్ళీ చేస్తే 20 రంగే వచ్చింది. కుదపమని కాగితంలో రాసే వున్నది. మనం కాగితం చదివే జాతేనా?

20కీ 40కీ వున్న ఎరుపుల తేడా మాత్రం ఇద్దరం చూస్తే ఇద్దరికీ రెండు రకాలుగా కనిపించింది. నీటిలో ముంచే కాగితపు పట్టీలు ఇంకా అధ్వాన్నం. మూత సరిగా పెట్టకపోతే వానాకాలపు చెమ్మకే పాడైపోతాయి. మావి పారేశాను. ఇంకొక చిక్కు: పెట్టె అమ్మోనియా రెండు రూపాలనూ కలిపి లెక్కకడుతుంది. చేపను చంపే రూపం, నీటి పీహెచ్ 7 వున్నప్పుడు అందులో నూటికి ఒక వంతైనా వుండదు. 8 అయితే అయిదు వంతులు దాటుతుంది. కనుక పీహెచ్ కూడా చూడాలి.

ఇప్పుడు రోజూ తొట్టిలో మూడోవంతు నీళ్ళు మారుస్తున్నాము. ముందురోజే పట్టి, క్లోరిన్ విరుగుడు కలిపి వుంచిన నీళ్ళు. మిగిలిన రెండు చేపలూ మేతకు పైకి వస్తున్నాయి. అమ్మాయి లోపలినుంచి కేకేయడం మానేసింది. పగటి వెలుగుండగానే గొట్టమూ, అట్టా తెచ్చి నేను దిద్దుతున్న పత్రంమీద పెడుతుంది. నేను రంగు పేరు చెప్పేదాకా కదలదు.