సునాబేడ ఇంజిను: సగం మనది.. సగం వాళ్లది

2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో వాయుసేన మిగ్-21లకు వీడ్కోలు పలికింది. 62 ఏళ్ల సర్వీసు ముగిసింది. ఆ రోజు టీవీల నిండా పైలట్ల ముచ్చట్లే. ఆ విమానాలకు ఇంజిన్లు చేసిపెట్టిన ఊరి పేరు మాత్రం ఎక్కడో తప్ప వినపడలేదు.

ఆ ఊరు సునాబేడ. సాలూరు దాటి ఘాట్‌రోడ్డెక్కి, పొట్టంగి మీదుగా వెళ్తే కొరాపుట్ కన్నా ముందే వస్తుంది. 1936లో ఒడిశా ఏర్పడేదాకా ఈ కొండలన్నీ విశాఖ జిల్లా ఏజెన్సీలోవే. కాబట్టి ఇక్కడి సంతలో, బస్టాండులో తెలుగు వినపడితే వింతేం లేదు. హిందుస్థాన్ ఏరోనాటిక్స్ (హెచ్‌ఏఎల్) ఇంజిన్ల డివిజను 1964లో ఇక్కడ వెలిసింది. మిగ్-21 తయారీని అప్పట్లో మూడు చోట్లకు పంచారు. బాడీ నాసిక్‌లో, ఇంజిను కొరాపుట్‌లో, ఎలక్ట్రానిక్ పరికరాలు హైదరాబాద్‌లో. ఫ్యాక్టరీ కోసం భూములిచ్చిన గిరిజన గ్రామాల కథ వేరే ఉంది. అది ఒక వార్తలో ఇమిడేది కాదు.

మిగ్-21 వెళ్లిపోయింది కదా, ఇక సునాబేడ పని అయిపోయినట్టేనా అంటే.. లేదు. మిగ్-27, మిగ్-29 ఇంజిన్లు కూడా ఇక్కడ తయారైనవే. ఇప్పుడు అసలు పని సుఖోయ్-30 ఎంకేఐది. దాని ఏఎల్-31ఎఫ్‌పీ ఇంజిన్లు 240 కొనడానికి 2024 సెప్టెంబరు 9న రక్షణ శాఖ హెచ్‌ఏఎల్‌తో ఒప్పందం చేసుకుంది. విలువ 26 వేల కోట్ల రూపాయల పైమాటే. ఏడాదికి 30 చొప్పున ఎనిమిదేళ్లలో అన్నీ ఇవ్వాలి. అదే ఏడాది మార్చిలో మిగ్-29 ఇంజిన్లకు మరో 5,249 కోట్ల ఒప్పందం కుదిరింది. అంటే చేతినిండా పని ఉంది. లోటు ఇంకోచోట ఉంది.

సుఖోయ్ ఒప్పందంలోనే ఒక అంకె ఉంది. ఈ 240 ఇంజిన్లలో స్వదేశీ వాటా సగటున 54 శాతం దాటుతుందని, సరఫరా ముగిసేనాటికి 63 శాతానికి తీసుకెళ్తామని ప్రభుత్వం చెప్పింది. ఆరు దశాబ్దాలుగా ఇంజిన్లు చేస్తున్న చోట ఇంకా సగం దగ్గరే ఉన్నామేంటని ఎవరికైనా అనిపిస్తుంది. దానికి జవాబు కావాలంటే ఇంజిను లోపలికి తొంగిచూడాలి.

అరచేతిలో పట్టే రెక్క

జెట్ ఇంజినులో గాలిని నొక్కి, ఇంధనం కలిపి మండిస్తారు. ఆ మంటలోంచి వచ్చే వాయువు టర్బైను రెక్కలను తిప్పుతుంది. ఈ తరం ఇంజిన్లలో ఆ వాయువు వేడి 1,400 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. రెక్కను చేసేది నికెల్ మిశ్రమ లోహంతో. అది అంతకంటే తక్కువ వేడికే కరగడం మొదలెడుతుంది! కరిగే వేడిలో నిలబడి, నిమిషానికి వేల చుట్లు తిరుగుతూ, వందల గంటలు చెక్కుచెదరకుండా ఉండాలి. రెక్క మాత్రం అరచేతిలో పట్టేంతే.

దీనికి రెండు కిటుకులున్నాయి. మొదటిది, రెక్క లోపల సన్నటి దారులు వదిలి చల్లగాలి పంపడం. చల్లగాలి అంటే కొన్ని వందల డిగ్రీలదే, మంటతో పోలిస్తే చలవ అన్నమాట. రెండోది లోహం గడ్డకట్టే తీరు. మామూలుగా పోత పోస్తే లోహం లోపల బెల్లం గడ్డలా రవ్వలు రవ్వలుగా పేరుకుంటుంది. బాగా వేడెక్కితే ఆ రవ్వల అతుకుల దగ్గరే సాగి, విరుగుతుంది. అందుకని అతుకే లేకుండా రెక్క మొత్తాన్ని ఒకే స్ఫటికంగా పెంచుతారు.

పోత పద్ధతి మాత్రం పాతదే. మైనంతో అచ్చం రెక్కలాంటి బొమ్మ చేసి, దానిపై పింగాణీ పొరలు పూసి, మైనం కరిగించి, ఆ ఖాళీలో లోహం పోస్తారు. కొరాపుట్ పక్కనే ఉన్న బస్తర్‌లో ఢోక్రా బొమ్మలు చేసేవారిదీ ఇదే విద్య. తేడా అంతా లోహంలో, కొలతలో, కొలిమిని అదుపు చేయడంలో ఉంది. ఆ తేడాకే దేశాలు కోట్లు పోస్తున్నా గుట్టు విప్పవు.

లైసెన్సు ఒప్పందంలో మనకొచ్చేది ఆ గుట్టు కాదు. డ్రాయింగులొస్తాయి, ఏ మెషీన్ మీద ఏ పని చెయ్యాలో వస్తుంది. ఫలానా చోట ఆ కొలతే ఎందుకు పెట్టారో రాదు. అది తెలియనివాళ్లు చిన్న మార్పు చేయాలన్నా మళ్లీ మాస్కో వైపే చూడాలి. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక అక్కడి నుంచి రావాల్సిన విడిభాగాలకు ఇబ్బంది మొదలైంది. సగం వాటాకి అర్థం అప్పుడు బాగా తెలిసొచ్చింది. అమెరికా వైపు తిరిగినా అంతే సంగతులు. తేజస్ మార్క్-1ఏ కోసం 2021 ఆగస్టులో జీఈకి 99 ఇంజిన్లు ఆర్డరిస్తే మొదటిది వచ్చింది 2025 మార్చిలో. విమానం బాడీలు సిద్ధమవుతున్నా ఇంజిను కోసం ఎదురుచూడాల్సి వచ్చింది.

సొంతంగా చేయలేదా అంటే, ప్రయత్నం జరిగింది. బెంగళూరులోని జీటీఆర్‌ఈకి 1989లో 382.81 కోట్లతో కావేరి ప్రాజెక్టు మంజూరైంది. 1996కల్లా పూర్తి కావాలి. అనుకున్నంత శక్తి రాలేదు, బరువు పెరిగింది, 2008లో తేజస్ నుంచి విడదీశారు. అక్కడ మంది లేక కాదు, బుర్ర లేక కాదు. ఎత్తులో ఇంజినును పరీక్షించే ఏర్పాటు మన దగ్గర లేక కావేరిని రష్యాకు మోసుకెళ్లాల్సి వచ్చింది. లోహం, కొలిమి, పరీక్షా కేంద్రం ఇవన్నీ సమకూర్చుకోకుండా ఇంజిను గడువు మాత్రం పెట్టుకున్నారు. కావేరిని ఎగతాళి చేసేవాళ్లు ఈ సంగతి మరిచిపోతుంటారు.

ఆ లోటు కొంత హైదరాబాద్‌లో పూడుతోంది. డీఎంఆర్‌ఎల్ 2021 ఏప్రిల్‌లో ఏకస్ఫటిక రెక్కల మొదటి సెట్టు, 60 రెక్కలు, హెలికాప్టర్ ఇంజిను కోసం హెచ్‌ఏఎల్‌కి అందించింది. మరుసటి నెలలో, జాగ్వార్‌లో వాడే అడూర్ ఇంజిను టైటానియం డిస్కులను 2,000 టన్నుల ప్రెస్ మీద తయారుచేసే విద్యను ప్రకటించింది. 1973లో ఏర్పడిన, ప్రత్యేక లోహాలు చేసే మిధాని కూడా అక్కడే ఉంది. ఇవి పేపర్లలో లోపలి పేజీల్లో వచ్చి పోయిన వార్తలే. స్వదేశీ వాటా 54 నుంచి 63కి పెరగాలంటే మాత్రం ఇలాంటివే కావాలి. నట్లు, బ్రాకెట్లు ఎన్ని చేర్చినా అంకె పెరుగుతుంది గానీ గుట్టు చేతికి రాదు. అందుకే ఎంత శాతం అని కాకుండా ఏ భాగం అని అడగాలి. 2025 ఆగస్టులో రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్ ఫ్రాన్స్ కంపెనీ సాఫ్రాన్‌తో కలిసి కొత్త ఇంజిను చేస్తామన్నప్పుడు కూడా అడగాల్సిన ప్రశ్న ఇదే.

కొరాపుట్ జిల్లాకు ఇందులో ఏం మిగులుతుందన్నది వేరే లెక్క. బెంగళూరు పీణ్యలో, హైదరాబాద్ బాలానగర్‌లో పెద్ద ఫ్యాక్టరీల నీడన వందల చిన్న వర్క్‌షాపులు పెరిగాయి. సునాబేడ చుట్టూ ఆ స్థాయిలో పెరగలేదు. ఘాట్‌రోడ్డు, దూరం, పెట్టుబడి.. కారణాలు చెప్పుకుంటే చాలా ఉన్నాయి. వాటా పెరిగే కొద్దీ బయటికిచ్చే పని పెరుగుతుంది. అది బాలానగర్‌కే పోతే సెమిలిగుడ, జైపూర్‌లలో ఐటీఐ చదివే కుర్రాళ్లకు గేటు లోపలి కొద్దిపాటి ఉద్యోగాలే మిగులుతాయి. ఒక్క ఊరట ఉంది. ఇంజిను ఒకసారి అమ్మి మరిచిపోయేది కాదు. నిర్ణీత గంటలు ఎగిరాక విప్పి, అరిగినవి మార్చి, మళ్లీ బిగించాలి. సుఖోయ్‌లు ఇంకా చాలా ఏళ్లు ఎగరాల్సినవి, ఒక్కోదానికి రెండేసి ఇంజిన్లు. 240 పూర్తయ్యాక కూడా ఆ ఓవర్‌హాలింగు పని కొండెక్కి సునాబేడకే రావాలి.