గడియ లేని గది

పోయిన నెల పుంగనూరులో బంధువుల ఇంట గృహప్రవేశం. భోజనాలయ్యాక షామియానా కింద కుర్చీలు దగ్గరికి లాక్కుని కూర్చున్నాం. మా చెల్లెలి కొడుకు బెంగళూరులో ఆర్కిటెక్టు. తెలివైనవాడు, మాట నేర్పరి. వాడే ఎత్తాడు ఈ మాట. "పెద్దమ్మా, ఇక్కడి జమీందార్ల కోట, మదనపల్లెలో పాత బంగళాలు, కుప్పం చుట్టూ చెరువు గట్లు... వీటిల్లో పదీ పన్నెండు గదుల బొటీక్ హోటళ్లు పెడితే మన ప్రాంతం దశ తిరిగిపోతుంది. విశాఖ చూడు. సముద్రానికి ఎదురుగా ఇంత జాగా దొరికితే చాలు, చిన్న హోటలు కట్టేస్తున్నారు. డిజైన్ బాగుంటే గది ఏడు వేలకు పోతోంది" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లంతా తలలూపారు. స్థలాల వ్యాపారం చేసే ఆయన ఊపాడు, బడిపంతులు ఊపాడు, టమోటా పండించి బతికే మా మరిది కూడా ఊపాడు. పిల్లవాడి మాటకన్నా ఆ తలూపుళ్లకే నాకు ఒళ్లు మండింది.

శుభకార్యంలో గొడవెందుకని ఆ పూట ఊరుకున్నాను. ఊరుకున్నది కడుపులోనే ఉండిపోయింది.

విశాఖ చూడమన్నాడు కదా, చూశాను. రెండేళ్ల కిందట మా అమ్మను తీసుకుపోయాను. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి, మోకాళ్ల నొప్పులు, పుట్టి బుద్ధెరిగి సముద్రం చూసింది లేదు. తిరుపతిలో రైలెక్కి రాత్రంతా కూర్చుని, పొద్దున పదకొండింటికి వీడు చెప్పిన రకం హోటలుకే చేరాం. రెండింటిదాకా గది ఇచ్చేది లేదన్నారు. ఆ మూడు గంటలూ అమ్మ వీపు ఆనించడానికి వీల్లేని ఒక గుండ్రటి చెక్క దిమ్మె మీద కూర్చుంది. దాన్ని కూడా ఎవరో డిజైన్ చేశారట, రిసెప్షన్ పిల్ల గర్వంగా చెప్పింది. తీరా గది తెరిస్తే మంచం జానెడు ఎత్తు. కూర్చుంటే లేవలేదు, లేస్తే కూర్చోలేదు. గోడకు ఒక పాత చేపల వల వేలాడదీశారు. దాని వెనక దీపం. ఆ వెలుతురులో మందుబిళ్ల పేరు చదవలేకపోయాను.

అన్నిటినీ మించింది స్నానాల గది. పడక గదికీ దానికీ మధ్య గోడ లేదు, అద్దం ఉంది. నేల నుంచి కప్పు దాకా ఒకటే అద్దం, చిన్న గది పెద్దగా కనిపించడానికట. తలుపు పక్కకు జరిగేది, దానికి గడియ లేదు. బకెట్ లేదు, మగ్గు లేదు. విడిచిన చీర తగిలించుకోవడానికి ఒక్క కొక్కెం లేదు. అమ్మ పొడి చీర గుండెకు హత్తుకుని ఆ అద్దం ముందు నిలబడి, "నువ్వు కాసేపు బయట నిలబడమ్మా" అంది. కన్నకూతురిని గది బయటికి పంపి స్నానం చేసింది మా అమ్మ. కాలు జారుతుందేమో, పట్టుకోవడానికి చేతికి ఏమీ లేదే అని వసారాలో నేను పడ్డ ఆదుర్దా ఇప్పటికీ మరిచిపోలేను. పోనీ కిటికీలోంచి సముద్రమైనా తనివితీరా చూద్దామంటే అది తెరుచుకోదు. గాజు అవతల అలలు లేస్తున్నాయి, పడుతున్నాయి, చప్పుడు మాత్రం వినిపించదు. ఉప్పుగాలి ముఖానికి తగలని సముద్రం మా అమ్మకెందుకు?

ఒక్క హోటలు చేసిన తప్పును అన్నిటికీ అంటగడతారా అని మా వాడు అడుగుతాడు. ఇది ఒక్కరి తప్పు కాదు, పుట్టుకలోనే ఉంది. 1984లో న్యూయార్కులో మోర్గన్స్ అని ఒక హోటలు తెరిచారు, ఈ బొటీక్ అన్న పేరు అక్కణ్నుంచే వాడుకలోకి వచ్చింది. తెరిచిన ఇయాన్ ష్రేగర్, స్టీవ్ రూబెల్ అంతకుముందు నడిపింది స్టూడియో 54 అనే నైట్‌క్లబ్బు. ఆ క్లబ్బుకు పేరొచ్చింది లోపలి ఆటపాటలకే కాదు. గుమ్మం దగ్గర మనుషుల ముఖాలూ దుస్తులూ చూసి ఒకరిని రమ్మనడం, పదిమందిని ఆపేయడం, అదీ దాని ఖ్యాతి. ఆ బుద్ధితో పుట్టిన హోటలు ఇది. మన దగ్గర ఆపడానికి గుమ్మంలో మనిషి అక్కర్లేదు, జానెడెత్తు మంచం చాలు, గడియ లేని తలుపు చాలు. ముసలివాళ్లు, రోగులు, చంటిపిల్లల తల్లులు తమంతట తామే వెనక్కి పోతారు.

అదే విశాఖలో కలెక్టరు టర్నర్ పేరు మీద ఒక సత్రం ఉంది. నగరంలో టర్నర్ సత్రం అంటే తెలియనివాళ్లు ఉండరు. దారిన పోయేవాడికి చోటు ఉండాలని ఒక కాలంలో పెద్దలకు తోచింది. ఆ తోచడాన్ని మనం పోగొట్టుకున్నాం.

డిజైన్ అంటే నాకు గిట్టదని అనుకోవద్దు. మదనపల్లె మనిషికి డిజైన్ ఎవరూ నేర్పక్కర్లేదు. ఊరి పక్కన ఆరోగ్యవరం ఉంది. క్షయకు మందు లేని రోజుల్లో, 1915లో, అక్కడ శానటోరియం వెలిసింది. ఫ్రిమోట్ మోలర్ అనే డేనిష్ డాక్టరు దాన్ని నిలబెట్టాడు. క్షయకు మందైన స్ట్రెప్టోమైసిన్ రావడానికి ఇంకా ముప్పై ఏళ్లుంది. గాలి, వెలుతురు, విశ్రాంతి, మంచి తిండి, ఇంతే వైద్యం. అందుకని అలాంటి చోట్ల రోగి మంచం గాలి ఆడే వరండాలోకి వచ్చింది. ఆ వరండా ఫొటో కోసం పుట్టలేదు, దగ్గే మనిషి ఊపిరి కోసం పుట్టింది. దాన్ని డిజైన్ అంటాను నేను. ఇవాళ అలాంటి వరండా ఒకటి కనిపిస్తే మా వాడు అందులో ఉయ్యాల వేసి, కింద రుబ్బురోలు పెట్టి, దాని మీద మొక్క నాటి, రాత్రికి తొమ్మిది వేలు రాస్తాడు. రుబ్బురోట్లో మొక్క! మా అవ్వ చేతులు కాయలు కాసిన రోలు అది.

రోలు మాట వచ్చింది కాబట్టి ఆవు సంగతి కూడా చెప్పాలి. పుంగనూరులో కూర్చుని పుంగనూరు ఆవు గురించి మాట్లాడకపోతే ఎట్లా? ఎత్తు 70 నుంచి 90 సెంటీమీటర్లు. ఈ నేలలో వానలు తక్కువ, మేత తక్కువ. ఎండుగడ్డి నాలుగు పరకలు తిని, పొలం పనికి వచ్చి, 8 శాతం దాకా వెన్న ఉండే పాలిచ్చే జీవం. మామూలు ఆవుపాలలో అది మూడు, మూడున్నర. పేదరైతు కొట్టంలో ఇమిడేటట్టు అది చిన్నదైంది. ఆ చిన్నదనానికి ఒక అర్థం ఉంది. దానికి గిరాకీ లేని రోజుల్లో జాతే అంతరించిపోయేటట్టు ఉంటే పలమనేరు పశు పరిశోధన కేంద్రం కాపాడుకుంటూ వచ్చింది. ఇప్పుడేమో పొట్టి ఆవు ముద్దుగా ఉందని నగరాల్లో హాల్లో కట్టేసుకుంటున్నారు. ఇంకా పొట్టి, ఇంకా పొట్టి అని లక్షలు పోస్తున్నారు. కొట్టంలో ఉండాల్సిన జీవాన్ని సోఫా పక్కన నిలబెట్టి ఫొటో తీస్తారు, గడ్డి బదులు బిస్కెట్లు పెడతారు. నాకు కడుపు తరుక్కుపోతుంది. బొటీక్ హోటలు చిన్నదనం కూడా ఈ రెండో రకందే. లోపల ఉండేవాడి అవసరం కొలిచి చిన్నది చేయలేదు, చూసేవాడి కంటికి చిన్నది చేశారు.

సరే, మా వాడు హోటళ్లు పెట్టాలన్న ఈ ఊళ్లలో రాత్రిపూట గది ఎవరికి కావాలి? ముందు అది చూడాలి కదా. మదనపల్లె టమోటా మార్కెట్టుకు సీజన్లో ఒకసారి తెల్లవారుజామున రండి. చుట్టుపక్కల మండలాల నుంచి, కర్ణాటక సరిహద్దు నుంచి క్రేట్లు దిగుతుంటాయి. రైతు సరుకు పక్కనే తువ్వాలు పరుచుకుని పడుకుంటాడు. 2023 జులైలో ఇక్కడ కిలో రెండు వందల దాకా పలికితే దేశమంతా పత్రికల్లో మా ఊరి పేరు చదివింది. ఆ ధర తెచ్చిన రైతు కూడా ఆ రాత్రి క్రేట్ల మధ్యనే పడుకున్నాడు. మా మరిది ఎన్ని రాత్రులు అట్లా పడుకున్నాడో నాకు తెలుసు. అందుకే ఆయన తలూపుడు నాకు అంత నొప్పి కలిగించింది.

కుప్పం పోండి. మూడు రాష్ట్రాలు కలిసే చోటు. మెడికల్ కాలేజీ ఆస్పత్రికి తమిళనాడు నుంచి, కర్ణాటక నుంచి కూడా మనుషులొస్తారు. రోగికి లోపల మంచం ఉంటుంది, వెంట వచ్చినవాళ్లకు? మే నెలలో గంగమ్మ జాతర. ద్రవిడ విశ్వవిద్యాలయంలో పరీక్ష రాయడానికి, ఇంటర్వ్యూకు ఒంటరిగా వచ్చే ఆడపిల్లలు. స్టేషన్లో అర్ధరాత్రి రైలు దిగేవాళ్లు. వీళ్లకు కావాల్సింది లోపలి నుంచి పడే గడియ, నాలుగింటికి వేడినీళ్లు, ఉతికిన దుప్పటి, ఆధార్ కార్డు చూపిస్తే చాలు, ఒంటరిగా ఎందుకొచ్చావని అడగని మనిషి. ఆ ఆఖరిది మన లాడ్జీల్లో కూడా లేదు. వాటిని నేను వెనకేసుకు రావడం లేదు. నల్లులున్నాయి, వాసనలున్నాయి, గోడల మీద వక్కాకు మరకలున్నాయి. కానీ ఒక్క మంచి పద్ధతి ఉంది, ఇరవైనాలుగు గంటల లెక్క. రాత్రి రెండింటికి దిగితే మర్నాడు రాత్రి రెండింటిదాకా గది నీదే. కొత్తరకం హోటలు మధ్యాహ్నం రెండింటికి ఇచ్చి మర్నాడు పదకొండింటికి ఖాళీ చేయమంటుంది. ఇరవై ఒక్క గంటలిచ్చి రోజు అద్దె తీసుకుంటుంది. దీని గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు.

ప్రభుత్వాల చూపు కూడా అటే. వెయ్యి రూపాయల లోపు గదికి అంతవరకూ లేని జీఎస్టీ 2022 జులైలో 12 శాతం వేశారు. 2025 సెప్టెంబరులో 5 శాతానికి తగ్గించారు, సంతోషమే. కానీ 7,500 రూపాయల గదికీ అదే 5. ఆస్పత్రి దగ్గర ఆరు వందల గదిలో ఉండేవాడినీ, సముద్రం చూడ్డానికి ఏడు వేలు పెట్టేవాడినీ ఒకే గాటన కట్టారు.

ఉద్యోగాలొస్తాయంటారు. పన్నెండు గదులకు ఎన్ని? అందులో ఊడ్చేవి తప్ప మన పిల్లలకు దక్కేవి ఎన్ని? బెంగళూరు వాళ్లు శని, ఆదివారాలు డబ్బు తెచ్చి పోస్తారంటారు. హార్స్‌లీ హిల్స్‌కు వాళ్లు ఎప్పటినుంచో వస్తూనే ఉన్నారు, కొండకింద పల్లెల దశ ఏం తిరిగింది? ఏనుగు మల్లమ్మ కొండను హార్స్‌లీ అనే కలెక్టరు పేరు మింగేసింది. ఇప్పుడు మిగిలినదాన్ని ఈ హోటళ్లు మింగుతాయి.

హోటళ్లు లేకపోయినా మా ఊరికి గొప్ప అతిథి రాకపోలేదు. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ మదనపల్లెకు వచ్చాడు. నోబెల్ వచ్చి ఐదారేళ్లైన మనిషి. దిగింది దివ్యజ్ఞాన సమాజం వాళ్లు పెట్టిన కాలేజీలో. అక్కడే జనగణమనను ఇంగ్లీషులోకి మార్చాడు, మార్గరెట్ కజిన్స్ దానికి స్వరాలు కూర్చింది. ఆయన కోసం గోడకు వల తగిలించలేదు ఎవరూ. పిల్లలున్నారు, పాట ఉంది, రమ్మన్నవాళ్ల ఆదరణ ఉంది. మనుషుల మధ్య దిగాడు కాబట్టే మా ఊరి పేరు ఆ పాట పక్కన నిలిచింది.

మరి నువ్వేం కట్టమంటావు అని మా వాడు ఫోన్లో నిలదీశాడు. నా దగ్గర పెద్ద ప్లానులేమీ లేవు. మార్కెట్టు దగ్గర నలభై మంచాలు, కుప్పం ఆస్పత్రి దగ్గర ఇంకో నలభై. వంట చేసుకోవడానికి ఒక పొయ్యి, బట్టలు ఆరేసుకోవడానికి ఒక మిద్దె, ఇరవైనాలుగు గంటల లెక్క. డబ్బు ఎవరు పెడతారంటే, మార్కెట్ కమిటీయో, మునిసిపాలిటీయో, ఊళ్లో ఉన్నవాళ్లో. సత్రాలు కట్టించినవాళ్లు ఎక్కడ తెచ్చారో అక్కడే తేవాలి. ముందు ఒకసారి వచ్చి ఆ క్రేట్ల మధ్య ఒక్క రాత్రి పడుకో నాయనా, అన్నాను.

వచ్చాడు. మా మరిదితో కలిసి మార్కెట్టులోనే పడుకున్నాడు. తెల్లారి దోమకాట్లతో మా ఇంటికి వచ్చి, కాఫీ తాగుతూ కాగితం మీద గీతలు గీశాడు. స్నానాల గది దగ్గర పెన్సిలు ఆపి, "పెద్దమ్మా, తలుపు ఎట్లాంటిది పెట్టమంటావు?" అని అడిగాడు.

చెక్క తలుపు, లోపలి నుంచి గడియ, పక్కనే రెండు కొక్కేలు, అవ్వ పట్టుకుని లేవడానికి గోడకు ఒక ఇనుప కడ్డీ అని చెప్పాను. రాసుకున్నాడు.