నోరు తెరిచే ముందు ఓ మాట అడగండి

పన్ను పోటంటే లవంగం నూనెతో రెండ్రోజులు నెట్టుకొస్తాం. తగ్గకపోతే నగరి నుంచి తిరుపతి బస్సెక్కుతాం. డెంటల్ కాలేజీలో అయితే ఖర్చు తక్కువ. అక్కడ మన నోట్లో చెయ్యి పెట్టేది చాలాసార్లు ఇంకా చదువుకుంటున్న పిల్లలే.

పన్ను తొలిచే మిషను నీళ్ళు చిమ్ముతూ తిరుగుతుంది. ఆ తుంపరలో రోగి ఉమ్మి, ఒక్కోసారి రక్తం కూడా ఉంటాయి. అందుకే కరోనా రోజుల్లో, 2020 మేలో, కేంద్ర ఆరోగ్య శాఖ పళ్ళ డాక్టర్లకు విడిగా నిబంధనలిచ్చి, అత్యవసర చికిత్సలకే పరిమితం కమ్మంది.

పరీక్షలో అడిగితే పిల్లలు ఇవన్నీ గడగడా రాస్తారు. రోగులు బారులు తీరిన పూట పాటిస్తారా అన్నదే నా అనుమానం. మాస్కు ముక్కు కిందికి జారడం, గ్లవుజు చేత్తోనే సెల్‌ఫోను ఎత్తడం ఎంతసేపు! కరోనా తగ్గినా హెపటైటిస్-బి ఎక్కడికీ పోలేదు. దానికి మూడు డోసుల టీకా ఉంది. విద్యార్థులు మూడూ వేయించుకున్నారో లేదో కాలేజీలే చూడాలి.

మనమేమో నోరు తెరుస్తాం గానీ నోరెత్తం. మగ్గాల ఊరి వాళ్ళం, చీర కొంటే అంచు తిరగేసి చూస్తాం కదా! "ఈ పనిముట్లు ఆటోక్లేవ్‌లో పెట్టినవేనా అమ్మా? ప్యాకెట్టు నా ముందే విప్పు" అనడానికి మొహమాటమెందుకు? 121 డిగ్రీల ఆవిరిలో కనీసం పావుగంట ఉంచాలని, స్పిరిట్ దూదితో తుడిస్తే చాలదని ఆ అమ్మాయికి తెలుసు. గ్లవుజులు మార్చమనీ అడగండి. విసుక్కుంటే ప్రొఫెసరు గారిని పిలవమనండి.